తొలి నమోదు ఎవరిది? హైటెక్ సిటీ రెస్టారెంట్లలో ఆహారపు జాడ, బ్లాక్‌చెయిన్ పరిమితులు

1998 నవంబరులో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటికి ఆ పరిసరాల్లో ఎక్కువగా కనిపించినవి బండరాళ్లు, బీడు భూములు. నేడు మాదాపూర్, కొండాపూర్, రాయదుర్గం, గచ్చిబౌలి మీదుగా నానక్‌రామ్‌గూడ వరకు విస్తరించిన ఐటీ ప్రాంతంలో కార్యాలయాల క్యాంటీన్లు, రెస్టారెంట్లు, డెలివరీ కోసమే నడిచే క్లౌడ్ కిచెన్లు ప్రతి మధ్యాహ్నం ఒక పట్టణానికి సరిపడా భోజనం వండుతున్నాయి. ఇక్కడ తినేవారికి వండినవారు కనిపించరు. వండేవారికి పండించినవారు తెలియరు. ఈ దూరాన్ని బ్లాక్‌చెయిన్ సాంకేతికతతో తగ్గించవచ్చన్న ఆలోచన కొంతకాలంగా బలపడుతున్నది. మెనూ కార్డుపై ఉన్న క్యూఆర్ కోడ్‌ను ఫోనుతో స్కాన్ చేస్తే పప్పులోని కంది ఏ మండలంలో పండిందో, కూరలోని కోడి ఏ ఫారంలో పెరిగిందో తెరపై కనిపించాలన్నది దాని సారాంశం.

ఈ ఆలోచనను తోసిపుచ్చవలసిన పనిలేదు. అయితే దానిని అమలు చేయదలచిన క్రమం తలకిందులుగా ఉన్నది. రాసిన దానిని ఎవరూ మార్చకుండా కాపాడే శక్తి బ్లాక్‌చెయిన్‌కు ఉన్నది. రాసినది నిజమా కాదా అని తేల్చే శక్తి దానికి లేదు. కనుక ముందుగా తేలవలసిన ప్రశ్న సాఫ్ట్‌వేరుకు సంబంధించినది కాదు. పొలం వద్ద, మార్కెట్ యార్డు వద్ద, వంటగది గుమ్మం వద్ద తొలి నమోదు ఎవరు చేస్తారు, దానికి ఎవరు సాక్ష్యం, దాని వల్ల రైతుకు దక్కేదేమిటి అన్నదే ఆ ప్రశ్న. దీనికి సమాధానం వెదకవలసిన వారిలో విస్తరణ శాస్త్రవేత్తలు ముందువరుసలో ఉంటారు.

జాడ తెలియకపోతే నష్టం ఎవరికి?

2024లో తెలంగాణ ఆహార భద్రతా విభాగపు టాస్క్‌ఫోర్స్ బృందాలు హైదరాబాదులోని రెస్టారెంట్లలో విస్తృతంగా తనిఖీలు జరిపాయి. అదే ఏడాది అక్టోబరు 30న పచ్చి గుడ్లతో చేసే మయోనైజ్‌ను రాష్ట్ర ప్రభుత్వం ఒక సంవత్సరం పాటు నిషేధించింది. ప్రజారోగ్య దృష్ట్యా అది సమర్థనీయమైన నిర్ణయమే. అయితే ఇటువంటి సందర్భం ఒక పాఠం కూడా నేర్పుతుంది. కలుషితమైన సరుకు ఏ ఫారం నుంచి, ఏ రోజు, ఏ వాహనంలో వచ్చిందో చెప్పగల ఏర్పాటు లేనప్పుడు ప్రభుత్వానికి మిగిలే ప్రధాన మార్గం మొత్తం పదార్థాన్ని ఆపివేయడమే. అప్పుడు తప్పు చేసినవారితో పాటు శుభ్రంగా ఉత్పత్తి చేసినవారూ నష్టపోతారు.

ఇతర దేశాల అనుభవమూ ఇదే. 2018 నవంబరులో అమెరికాలో ఇ-కొలై సూక్ష్మజీవి వ్యాప్తి చెందినప్పుడు, మూలం వెంటనే తేలనందున దేశమంతటా రోమైన్ లెట్యూస్‌ను ఎక్కడ పండినదైనా తినవద్దని అధికారులు ప్రకటించారు. 2015లో చిపోట్లే రెస్టారెంట్ల గొలుసులో తిన్నవారు ఇదే సూక్ష్మజీవి వల్ల అస్వస్థులైనప్పుడు, నెలల తరబడి విచారణ జరిగినా కారణమైన పదార్థం ఏదో నిర్ధారణ కాలేదు. అనేక పదార్థాలు ఒకే పళ్లెంలో కలిసే రెస్టారెంట్ భోజనంలో మూలాన్ని వెదకడం ఎంత కష్టమో ఆ ఉదంతం తెలియజేస్తుంది.

బ్లాక్‌చెయిన్ చేయగలిగినది, చేయలేనిది

పూర్వం వ్యాపారులు చిట్టా, ఆవర్జాలు రాసేవారు. ఆ పుస్తకం ఒకరి గల్లాపెట్టెలో ఉండేది కనుక ఒక పేజీని చించివేసి మరొకటి అతికించే అవకాశం ఉండేది. బ్లాక్‌చెయిన్‌లో ఆ చిట్టా ప్రతులు భాగస్వాములందరి వద్దా ఉంటాయి. ప్రతి పేజీకి గణిత పద్ధతిలో హ్యాష్ అనే ముద్ర ఏర్పడి, అది తరువాతి పేజీలో నమోదవుతుంది. వెనుకటి పేజీలో ఒక్క అంకె మార్చినా ముద్రలు కలియవు. మార్పు అందరికీ తెలిసిపోతుంది. పరస్పర విశ్వాసం తక్కువగా ఉన్న రైతు సంఘం, వ్యాపారి, రవాణాదారు, రెస్టారెంట్ ఒకే లెక్కను పంచుకోవలసి వచ్చినప్పుడు ఇది నిజంగా ఉపయోగపడే గుణం.

ఈ సాంకేతికత హైదరాబాదుకు కొత్త కాదు. 2018లోనే ఇక్కడ బ్లాక్‌చెయిన్ డిస్ట్రిక్ట్ ఏర్పాటుకు సన్నాహాలు మొదలయ్యాయి. చిట్‌ఫండ్‌ల పర్యవేక్షణకు టీ-చిట్స్ వ్యవస్థ బ్లాక్‌చెయిన్ ఆధారంగా రూపొందింది. అయితే చిట్టీకీ టమాటకూ ఒక మౌలిక భేదం ఉన్నది. చిట్టీ వ్యవహారంలో వాయిదా చెల్లింపు, పాట, బట్వాడా అన్నీ లెక్కలే, నమోదే వ్యవహారం. టమాట విషయంలో నమోదు వేరు, వస్తువు వేరు. బాక్సులోని కాయ మారిపోయినా దాని పేర ఉన్న నమోదు చెక్కుచెదరకుండా ఉంటుంది. తప్పుగా రాసిన పహాణీని ఎంత భద్రంగా దాచినా అది సరైన పహాణీ కానట్లే, తప్పుడు తొలి నమోదును బ్లాక్‌చెయిన్ శాశ్వతం చేస్తుందే తప్ప సరిదిద్దదు. పైగా దానికి లేని గౌరవాన్ని కల్పిస్తుంది.

ఈ రంగంలో తరచుగా ఉదహరించేది వాల్‌మార్ట్ సంస్థ ఐబీఎంతో కలిసి జరిపిన మామిడి ప్రయోగం. కోసిన మామిడి ముక్కల ప్యాకెట్ ఏ తోట నుంచి వచ్చిందో కనుగొనడానికి అంతకు ముందు దాదాపు 7 రోజులు పట్టగా, ప్రయోగంలో 2.2 సెకన్లు పట్టింది. ఈ అంకెలు ఆకట్టుకుంటాయి. కానీ 2.2 సెకన్లలో వచ్చినది అప్పటికే తోట, ప్యాకింగ్ కేంద్రం, గిడ్డంగి వద్ద ఎవరో శ్రమించి నమోదు చేసిన సమాచారం. ఆ శ్రమ లేనిచోట సెకన్లలో వచ్చేది ఖాళీ తెర మాత్రమే.

గొలుసు తెగే రెండు చోట్లు

చేవెళ్ల, శంకర్‌పల్లి, మొయినాబాద్, వికారాబాద్ ప్రాంతాల్లో పండిన కూరగాయలు నగరానికి చేరే తీరును గమనిస్తే మొదటి తెగుడు ఎక్కడో తెలుస్తుంది. ఒక రైతు పది బాక్సుల టమాటను బోయిన్‌పల్లి మార్కెట్‌కు తెచ్చాడనుకుందాం. వేలం పూర్తికాగానే కమీషన్ ఏజెంట్ రైతు చేతికి తక్‌పట్టీ ఇస్తాడు. అందులో బరువు, ధర, కమీషన్, హమాలీ ఖర్చు ఉంటాయి. అక్కడితో రైతు పేరు ముగుస్తుంది. కొన్న వ్యాపారి ఆ పది బాక్సులను మరో నలుగురి సరుకుతో కలిపి, కాయ పరిమాణాన్ని బట్టి వేరు చేసి, రెస్టారెంట్లకు సరఫరా చేసే వారికి అమ్ముతాడు. స్థానిక దిగుబడి తగ్గిన నెలల్లో మదనపల్లె, కోలార్ సరుకు కూడా అదే కుప్పలో చేరుతుంది. అంటే పంట గుర్తింపు పోయేది సాంకేతికత లేనందువల్ల కాదు. సరుకును విడివిడి లాట్లుగా నిలిపి ఉంచే ఆచారం, అందుకు తగిన ధర లేనందువల్ల.

రెండవ తెగుడు వంటగదిలో ఉన్నది. ఉల్లి, టమాట, అల్లం వెల్లుల్లి ముద్దతో తయారైన గ్రేవీని పెద్ద పాత్రలలో సిద్ధం చేసి అనేక వంటకాల్లో వాడుతారు. నిన్నటి మిగులు నేటి తయారీలో కలిసే వీలున్నది. ఈ స్థితిలో ఒక పళ్లెంలోని ప్రతి పదార్థానికి పొలం చిరునామా చెప్పగలమనడం ఆచరణకు నిలవని వాగ్దానం. ఏ లాటు ఏ రోజు వంటగదిలోకి వచ్చింది, ఏ రోజు వాడకం పూర్తయింది అన్నంత వరకే నిజాయితీగా చెప్పగలిగేది. సురక్షితతకు అది చాలును కూడా.

దీనికి తోడు పన్నుల విధానపు ప్రభావం ఒకటి ఉన్నది. తాజా కూరగాయలకు జీఎస్టీ లేదు. 2017 నవంబరు 15 నుంచి సాధారణ రెస్టారెంట్లు 5 శాతం పన్ను చెల్లిస్తూ, కొనుగోళ్లపై చెల్లించిన పన్నును తిరిగి పొందే సదుపాయం లేకుండా నడుస్తున్నాయి. కనుక ప్రతి కొనుగోలుకు సక్రమమైన బిల్లు సేకరించాలన్న ఆర్థిక ప్రేరణ వాటికి తక్కువ. ఆహార వాపసు విధానంపై 2017లో వచ్చిన నిబంధనలు కూడా, సొంత తయారీ, పంపిణీ వ్యవస్థలు గల బహుళ శాఖల గొలుసులకు మినహా, రెస్టారెంట్లకు వాపసు ప్రణాళిక తప్పనిసరి చేయలేదు. కాగితపు బిల్లే నిలవని చోట డిజిటల్ గొలుసు ఒక్కసారిగా నిలుస్తుందని ఆశించడం అత్యాశ.

అనుభవం చెబుతున్నది

జాడ గుర్తింపులో మన దేశానికి విజయవంతమైన అనుభవం లేకపోలేదు. ఐరోపాకు ఎగుమతయ్యే ద్రాక్ష కోసం అపెడా సంస్థ 2006లో గ్రేప్‌నెట్‌ను ప్రారంభించింది. తోటల నమోదు, అధికారుల తనిఖీ, పురుగుమందుల అవశేషాల పరీక్ష, ప్యాకింగ్ కేంద్రం, ధ్రువపత్రం అన్నీ అందులో ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. అది బ్లాక్‌చెయిన్ కాదు. ఒక సంస్థ నిర్వహించే సాధారణ సమాచార వ్యవస్థ. తోటకు గుర్తింపు సంఖ్య, సరుకుకు పరీక్ష, నమోదుకు బాధ్యుడు ఉండటమే దాని బలం. అయినా 2010లో క్లోర్‌మెక్వాట్ క్లోరైడ్ అవశేషాల కారణంగా భారత ద్రాక్ష ఐరోపాలో తిరస్కరణకు గురైంది. ఆ రసాయనం అప్పటికి ఇక్కడి పరీక్షల జాబితాలో లేదు. సరుకు ఎక్కడిదో తెలిసినంత మాత్రాన అది సురక్షితమని తెలిసినట్లు కాదనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు.

బ్లాక్‌చెయిన్‌తో నేరుగా ముడిపడిన ప్రయత్నాలూ తెలుగు నేలపై జరిగాయి. 2019 మార్చిలో కాఫీ బోర్డు బ్లాక్‌చెయిన్ ఆధారిత కాఫీ విపణిని ప్రయోగాత్మకంగా ప్రారంభించింది. అదే ఏడాది అరకు లోయ అరబికా కాఫీకి భౌగోళిక గుర్తింపు లభించింది. 2021లో సుగంధ ద్రవ్యాల బోర్డు, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం భారత విభాగం కలిసి ఆంధ్రప్రదేశ్‌లోని ఎంపిక చేసిన జిల్లాల్లో 3,000 మందికి పైగా మిర్చి, పసుపు రైతులతో బ్లాక్‌చెయిన్ జాడ వ్యవస్థను ప్రయోగించడానికి ఒప్పందం చేసుకున్నాయి. ఈ పంటలకు కొన్ని సామాన్య లక్షణాలు ఉన్నాయి: అవి నిలవ ఉంటాయి, సంచుల్లో లాట్లుగా కదులుతాయి, విలువ ఎక్కువ, ప్రాంతపు పేరుకు ధర పలుకుతుంది. రోజుకే వాడిపోయే పాలకూరకు ఈ లక్షణాలేవీ లేవు. ఒక పంటలో పనిచేసిన పద్ధతిని మరొక పంటకు యథాతథంగా దింపే ముందు ఈ భేదాన్ని గమనించాలి.

అమెరికా ఆహార, ఔషధ యంత్రాంగం 2022 నవంబరులో ఖరారు చేసిన జాడ నిబంధన కూడా ఇదే దిశలో ఉన్నది. ఆకుకూరలు, టమాట, గుడ్లు వంటి ఎంపిక చేసిన ఆహారాలకు లాట్ సంకేతం ఉండాలనీ, అడిగిన 24 గంటల్లో వివరాలు చూపాలనీ అది కోరుతుంది. ఏ సాంకేతికత వాడాలో చెప్పదు. ఐరోపా సమాఖ్యలో 2004 నుంచి ప్రతి మేలిరకం గుడ్డు పెంకుపై ఉత్పత్తిదారు సంకేతాన్ని సిరాతో ముద్రిస్తున్నారు. సాంకేతికంగా ఇది అతి సామాన్యం. అయినా గుడ్డు ట్రే నుంచి విడిపోయినా గుర్తింపు దానితోనే ఉంటుంది.

బాధ్యత పొలానికి, లాభం పళ్లేనికి?

ఇక అసలు చర్చకు రావలసిన అంశం న్యాయానికి సంబంధించినది. ఆహార భద్రత, ప్రమాణాల చట్టం, 2006లోని 18వ సెక్షన్ రైతును, మత్స్యకారుని, పొలం స్థాయిలోని పంటను చట్టపు పరిధి నుంచి మినహాయించింది. చిన్న కమతాల దేశంలో అది ఆలోచించి చేసిన ఏర్పాటు. రెస్టారెంట్ తన సరఫరా ఒప్పందం ద్వారా జాడ వ్యవస్థను పొలం వరకు పొడిగించినప్పుడు, చట్టం మోపని బాధ్యతను ఒప్పందం మోపుతుంది. అవశేషాలు బయటపడితే రైతు పేరు తెరపైకి వస్తుంది. అదే పంటను కల్తీ చేసిన, ఎండలో నిలబెట్టిన, అపరిశుభ్రమైన నీటితో కడిగిన మధ్యస్థుల పేర్లు అంత తేలికగా రావు.

మరోవైపు లాభం సంగతి చూడాలి. భారతీయ రిజర్వు బ్యాంకు 2024లో వెలువరించిన ఒక అధ్యయన పత్రం ప్రకారం వినియోగదారుడు టమాటకు చెల్లించే రూపాయిలో రైతుకు చేరేది సుమారు 33 పైసలు. రెస్టారెంట్ వంటకంలో ఆ వాటా ఇంకా పలచబడుతుంది. ‘పొలం నుంచి నేరుగా’, ‘సేంద్రియం’, ‘నాటుకోడి’ అన్న మాటలు మెనూలో ధర పెంచుతాయి. ఆ మాటలకు ఆధారమైన నమోదును చేసిపెట్టిన రైతుకు ఆ పెరిగిన ధరలో భాగం లేకపోతే, జాడ వ్యవస్థ అతనికి మరొక వెట్టిచాకిరి అవుతుంది. రెండవ సీజనుకే అతడు ఫోనులో ఏదో ఒకటి నొక్కి పంపుతాడు. అసత్య నమోదుకు మూలం రైతు స్వభావంలో లేదు, ఈ అసమానతలో ఉన్నది.

చదువు, స్మార్ట్‌ఫోను, సమయం గల పెద్ద రైతులే ఇటువంటి గొలుసులో నిలిచే ప్రమాదం కూడా ఉన్నది. దేశంలోని కమతాల్లో సుమారు 86 శాతం చిన్న, సన్నకారు రైతులవేనని 2015-16 వ్యవసాయ గణన తెలిపింది. వారిని బయట ఉంచే పారదర్శకత వారి మార్కెట్‌ను కుదించే పారదర్శకత అవుతుంది.

ఎక్కడ మొదలుపెట్టాలి?

మొదటిది, వంటగదిలోని అన్ని పదార్థాలకూ ఒకేసారి జాడ కోరరాదు. రెండు వర్గాలను ఎంచుకోవాలి. గుడ్లు, మాంసం, పచ్చిగా తినే ఆకుకూరలు ప్రమాదం దృష్ట్యా ఒక వర్గం. ప్రాంతపు పేరుతోనో సాగు పద్ధతి పేరుతోనో అధిక ధర పలికేవి రెండవ వర్గం. 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కందిపప్పు ఈ రెండవ వర్గానికి మంచి ఉదాహరణ. అది నిలవ ఉంటుంది, మిల్లుల వద్ద లాట్లుగా విడదీయవచ్చు, హైదరాబాదుకు దగ్గర, పప్పు లేని తెలుగు భోజనం లేదు. మాదాపూర్‌లోని ఒక క్యాంటీన్‌కు తాండూరు రైతు ఉత్పత్తిదారుల సంఘం నుంచి ఏడాది పొడవునా పప్పు సరఫరాను లాట్ వారీగా నమోదు చేయడం సాధ్యమైన పని. టమాటతో మొదలుపెడితే నిరాశ తప్పదు.

రెండవది, తొలి నమోదుకు సాక్ష్యం ఉండాలి. సేంద్రియ సాగులో పీజీఎస్-ఇండియా పద్ధతి కింద ఒకరి పొలాన్ని తోటి రైతులు చూసి ధ్రువీకరిస్తారు. ఒకే ఊరి పొరుగు రైతుల కంటికి మించిన సాక్ష్యం ఏ యంత్రమూ ఇవ్వలేదు. ఆ సాక్ష్యాన్ని రైతు సంఘం నమోదు చేస్తే వ్యక్తిగత రైతుపై భారం తగ్గుతుంది, బాధ్యత కూడా పంపిణీ అవుతుంది.

మూడవది, నమోదుతో పాటు పరీక్ష ఉండాలి. రాజేంద్రనగర్‌లోని వ్యవసాయ విశ్వవిద్యాలయంలో పురుగుమందుల అవశేషాల పరీక్షకు, చెంగిచెర్లలోని జాతీయ మాంస పరిశోధన సంస్థలో మాంసం ఏ జంతువుదో డీఎన్‌ఏ ద్వారా తేల్చడానికి, నాచారంలోని రాష్ట్ర ఆహార ప్రయోగశాలలో నమూనాల విశ్లేషణకు సౌకర్యాలు ఉన్నాయి. లాట్లలో కొన్నింటిని ముందస్తు సమాచారం లేకుండా పరీక్షించి, ఫలితాన్ని అదే నమోదుకు జతచేయాలి. పరీక్ష జతపడని క్యూఆర్ కోడ్ ప్రకటన మాత్రమే.

నాలుగవది, ధర ఒప్పందం ముందు, సాఫ్ట్‌వేర్ తరువాత. నమోదు చేసిన లాటుకు కిలోకు ఎంత అదనం చెల్లిస్తారో, లోపం బయటపడితే ఏ దశలో ఎవరు బాధ్యులో రాతపూర్వకంగా తేలాలి. రైతు ఇచ్చిన సమాచారాన్ని అప్పు మంజూరుకో, బేరమాడటానికో ఇతరులు వాడకుండా రక్షణ ఉండాలి. 2023 ఆగస్టులో హైదరాబాదులో ప్రారంభమైన వ్యవసాయ సమాచార మార్పిడి వేదిక అడెక్స్‌తో పాటు వెలువడిన నిర్వహణ విధానం రైతు సమ్మతిని గుర్తించిన దృష్టి. రెస్టారెంట్ల ఒప్పందాల్లో కూడా అది కనిపించాలి.

ఇవన్నీ అమరిన తరువాత, పరస్పరం నమ్మని భాగస్వాములు ఎక్కువైనప్పుడు బ్లాక్‌చెయిన్ అవసరమవుతుంది. ఒకే సంఘం, ఒకే మిల్లు, ఒకే క్యాంటీన్ ఉన్న గొలుసుకు మామూలు రిజిస్టరు, లాట్ చీటీ, ఒక సాధారణ సమాచార వ్యవస్థ సరిపోతాయి. సముద్ర రవాణా కోసం మేర్స్క్, ఐబీఎం సంస్థలు నిర్మించిన ట్రేడ్‌లెన్స్ బ్లాక్‌చెయిన్ వేదిక, సాంకేతికంగా పనిచేసినప్పటికీ పరిశ్రమ అంతటి భాగస్వామ్యం కుదరనందున మూతపడనున్నట్లు 2022 నవంబరులో ప్రకటించారు. అంతటి వనరులున్న సంస్థలకే భాగస్వామ్యం సాంకేతికత కంటె కఠినమైంది.

విస్తరణ విభాగపు విద్యార్థులకు ఇందులో మంచి పరిశోధనాంశం ఉన్నది. ఒక రెస్టారెంట్ వంటగది గుమ్మం వద్ద ఒక రోజు నిలబడి, వచ్చిన సరుకులో ఎన్నింటికి ఒక మెట్టు వెనుక ఉన్న విక్రేత పేరు తెలుస్తుందో, రెండు మెట్ల వెనుక ఎన్నింటికి తెలుస్తుందో లెక్కించవచ్చు. ఆ జాబితాతో బోయిన్‌పల్లి మార్కెట్‌కు, అక్కడి నుంచి గ్రామానికి వెళ్లవచ్చు. ఏ మెట్టు వద్ద పేరు పోయిందో తెలిస్తే ఏ మెట్టు వద్ద పని మొదలుపెట్టాలో తెలుస్తుంది. ఆ పని చేయకుండా కొన్న సాంకేతికత, హైటెక్ సిటీలోని మెనూ కార్డును అలంకరించగలదు గాని చేవెళ్ల రైతు తక్‌పట్టీలో ఒక్క రూపాయి కూడా పెంచలేదు.